‘రా’ అనని మాట

అంతస్సాక్షి నివేదిక పదకొండు పుటలు. గవరయ్య మాస్టారు దాన్ని చదవడానికి ముందు చొక్కా జేబులోంచి ఎర్ర సిరా పెన్ను తీశారు. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు అది, కాగితం ఎవరిదైనా చెయ్యి జేబులోకి పోతుంది.

మొదటి పుటలోనే ‘ముద్దాయి’కి ఒత్తు ఎగిరిపోయి ‘ముదాయి’ అయింది. మూడో పుటలో ‘అచేతనం’ కాస్తా ‘అచేతణం’. నాలుగో పుటలో ‘మృతురాలు’ అని ఉండవలసిన చోట ‘మ్రుతురాలు’. ఒక్కో తప్పుకూ సున్నా చుట్టి, పక్కన సరైన రూపం రాసుకుంటూ పోయారు. ఆ మూడో మాట దగ్గర మాత్రం పెన్ను కొంచెంసేపు ఆగింది. మృతురాలు అంటే కనకం. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన భార్య.

మొత్తం పదిహేడు తప్పులు తేలాయి. పదో తరగతి పిల్లవాడు ఇలా రాస్తే బెంచీ ఎక్కించేవారు. ఇది రాసినవాళ్ళు ఒక ఆడమనిషిని పదేళ్ళు జైలుకు పంపబోతున్నారు.

ఆ ఆడమనిషి పెరట్లో అంట్లు తోముతోంది.

“ఏటి దిద్దుతున్నారు మేస్టారూ?” అంది గున్నమ్మ, తల ఎత్తకుండానే.

“నీ నివేదిక.”

“ఎన్ని తప్పులు?”

“పదిహేడు.”

“నావా, ఆళ్ళవా?”

“వాళ్ళవి.”

“మరైతే నన్నొగ్గీమనండి, ఇడిసిపెట్టీమనండి,” అని చెంబు బోర్లించింది.

అయిదేళ్ళ కిందట కనకానికి పక్షవాతం వచ్చి మాట పోయినప్పుడు, పగటిపూట చూసుకోవడానికి వచ్చింది గున్నమ్మ. కనకం పోయి ఎనిమిది నెలలైంది. ఆ చావు తన వల్లనే అని కేసు నడుస్తున్నా రోజూ వస్తూనే ఉంది. రావద్దని మాస్టారు ఒకసారి అన్నారు. “కేసు కేసే, అంట్లు అంట్లే. అయి ఎవుడు తోముతాడు, మీ జడ్జీగారా?” అంది. ఆయన మళ్ళీ అనలేదు.

ఎవరూ ఫిర్యాదు చేయని కేసు అది. ఇంట్లో మందు తేడా చేసి ఎవరైనా చనిపోతే ఆసుపత్రి కబురు చేయాలి. పోలీసులు వచ్చి, ఆ మనిషికి మందు ఇచ్చే చేతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, అందరినీ అంతస్సాక్షి కుర్చీలో కూర్చోబెట్టాలి. అది అంతరుద్దేశ చట్టం. చేతి పొరపాటు వెనక మనసు కోరిక ఒకటి దాక్కుని ఉంటుందని ఆ చట్టానికి గట్టి నమ్మకం. ఆ కోరికను కుర్చీ వందకు ఇన్ని అని తూచి చెబుతుంది. అరవై దాటితే కేసు. ఇద్దరికి దాటితే ఎక్కువ అంకె వచ్చినవాళ్ళే ముద్దాయి, రెండోవాళ్ళు ఇంటికి పోవచ్చు. ఒక చావుకు ఒక కోరిక చాలునని చట్టం రాసినవాళ్ళు తేల్చారు. ఎందుకు చాలునో వాళ్ళూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

గున్నమ్మ, యాభై రెండేళ్ళు, డెబ్బై నాలుగు. గవరయ్య, భర్త, శూన్యం. ఆఖరి పుటలో అలా ఉంది. అంకెల్లో మాత్రం తప్పులు లేవు.

*

ఆయన కుర్చీలో కూర్చున్నది కనకం పెద్దకార్యం అయిన మూడో రోజున.

చల్లటి గది, కిటికీలకు ముదురు నీలం తెరలు. తలకు మెత్తటి పట్టీ కట్టారు, చూపుడు వేలికి తొడుగు తొడిగారు, గొంతు దగ్గర చిన్న మైకు అంటించారు. డాక్టర్ చక్రధర్ ఆయనకు కనబడకుండా వెనక కూర్చున్నాడు. మనోవిశ్లేషణలో పెద్ద చదువు చదివి, ఈ యంత్రాన్ని తయారుచేసి, చట్టం చేయించి, జిల్లాజిల్లాకూ తిరిగి నిలబెట్టిన మనిషి. గొంతు మాత్రం పెళ్ళి భోజనాల్లో ‘ఇంకొంచెం వడ్డించమంటారా’ అని అడిగే మనిషి గొంతులా ఉంటుంది.

“మనసుకి ఏది తోస్తే అది చెప్పండి మాస్టారూ. ఏరుకోకండి, దిద్దుకోకండి. ఎక్కడ మాట తడబడుతుందో, ఎక్కడ ఊపిరి ఆగుతుందో, ఏ మాట రాబోయి ఇంకో మాట వస్తుందో, అది మా వాడు చూసుకుంటాడు.”

మా వాడు అంటే యంత్రం.

దిద్దుకోవద్దని ఒక తెలుగు మాస్టారికి చెప్పడం ఎంత తెలివితక్కువ పనో ఆ డాక్టరుకు తట్టలేదు. గవరయ్య మాస్టారు గంటన్నర మాట్లాడారు. ప్రతి వాక్యానికీ కర్త ఉంది, చివర క్రియ ఉంది. “నా భార్య మరణం నన్ను తీవ్రంగా కలచివేసింది. ఆమెకు ప్రతి ఉదయం ఇన్సులిన్ నేను గాని, గున్నమ్మ గాని ఇచ్చేవాళ్ళం. ఇచ్చినవారు క్యాలెండరులో ఆ తేదీ మీద ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాలి. ఆ రోజు నేను ఇచ్చాను. టిక్కు పెట్టడం మరిచిపోయాను. గున్నమ్మ వచ్చి, టిక్కు లేకపోవడం చూసి, మళ్ళీ ఇచ్చింది. తప్పు నాది.”

యంత్రం మీద పచ్చదీపం ఆ గంటన్నరా కదలకుండా వెలిగింది.

“చాలా శుభ్రమైన మనసండీ మీది,” అన్నాడు చక్రధర్, పట్టీ విప్పుతూ. “ఆ మరుపు వెనక ఏమీ లేదు. మా వాడు అడుగుదాకా చూశాడు.”

“నేనే చెప్పాను కదా, తప్పు నాదని.”

“మీరు చెప్పింది పైమనసు మాస్టారూ. దాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోదు.”

ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. ఒక మనిషి నోరు తెరిచి ‘నేను చేశాను’ అంటే పనికిరాదు, నోరు జారి ఏదన్నా అంటే అది సాక్ష్యం. ఇంత చదువుకుని వీళ్ళు నేర్చుకున్నది చాటున నిలబడి వినడమా అనుకున్నారు. పూర్వం ఈ డాక్టర్ల గదిలో సోఫా మీద పడుకుని చెప్పుకున్న మాట ఆ గది దాటకూడదని ఒక ధర్మం ఉండేదట. ఇప్పుడు గదికి ఆ పక్క తలుపు కోర్టులోకి తెరుచుకుంటుంది.

*

“నిన్ను ఏమడిగాడు?” అన్నారు ఆయన, నివేదికలో ఆరో పుట తిప్పుతూ.

గున్నమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని గుమ్మంలో కూర్చుంది. “ఏది తోత్తే అది సెప్పమన్నాడు. ఇంటికాడ బియ్యం నిండుకున్నాయి, మనవరాలికి జొరం, నీ కుర్సీలో నల్లులున్నాయేటి బాబూ అన్నాను. అన్నీ రాసీసుకున్నాడు. అదేటో నాను ఏటన్నా ఆ ఎర్రదీపం టక్కుమని ఎలుగుద్ది. నన్ను సూత్తే దానికి సంబరంనాగుంది.”

ఆరో పుటలో ఆ మాట ఉంది. ‘బియ్యం నిండుకున్నాయి: లేమిని నిండుదనంగా చెప్పడం. వాస్తవాన్ని తలకిందులు చేసే అచేతణ ధోరణి. తొమ్మిది మార్కులు.’

మాస్టారు ఆ పుటను చాలాసేపు చూశారు. ఇంట్లో గింజ లేదన్న మాట నోట పలకకూడదని, అయిపోయినదాన్ని నిండిందని చెప్పుకుంటూ తరతరాల ఆడవాళ్ళు వంట చేశారు. దీపం ఆరిందనలేక కొండెక్కిందన్నారు. మంగళసూత్రం తెగితే పెరిగిందన్నారు. ఈ లెక్కన తెలుగు దేశంలో వంటిల్లున్న ప్రతి మనిషికీ తొమ్మిది మార్కులు పడాలి.

తొమ్మిదో పుట చూసి, ఎనిమిది నెలల్లో మొదటిసారి, ముక్కుతో నవ్వారు.

“ఏటండీ?”

“అంబులెన్సు ఎక్కించేటప్పుడు కనకంతో ఏమన్నావు నువ్వు?”

 “ఏటంటాను? పదింటికి సెమటలు పట్టీసి, కళ్ళు తేలేసినాది. బండొచ్చినాది. ఆడు గుమ్మంలో బండి ఆపీసి కాయితం నింపుతన్నాడు. పేరేటి, వొయసేటి అని. నాకు కాళ్ళూ సేతులూ ఆడనేదు. ఎల్లమ్మా, తొరగా ఎల్లమ్మా అన్నాను. అంతే.”

‘ఎల్లమ్మా: మ్రుతురాలిని తరలించే క్షణంలో ముదాయి ఉగ్రదేవతను పేరు పెట్టి పిలిచినది. బలి ఇచ్చే కోరిక. నలభై ఒక్క మార్కులు.’

“నువ్వు అమ్మవారిని పిలిచావుట. ఎల్లమ్మ తల్లిని.”

“ఓలమ్మా,” అంది గున్నమ్మ. “ఆ తల్లెవుత్తో నాకు తెల్దు. మన కాడ పోలమ్మ, నూకాలమ్మ. పిలిత్తే పైడితల్లిని పిలుత్తాను గానీ, ఊరూపేరూ తెలీనామెని నానెందుకు పిలుత్తాను?”

డెబ్బై నాలుగులోంచి నలభై ఒకటి తీసేస్తే ముప్ఫై మూడు. అరవైకి చాలా కింద. మాస్టారు ఎర్ర పెన్నుకు క్యాప్ పెట్టారు. ఇది ఆయనకు చేతనైన పని. తప్పు చదివారు, తప్పు దిద్దాలి.

*

కోర్టులో గున్నమ్మ తరఫున మాట్లాడేది లాయరు ఇందుమతి. ఉచిత న్యాయసహాయం కింద వచ్చిన చిన్న వయసు పిల్ల. మాస్టారి దగ్గరే తొమ్మిదో తరగతి చదివింది. ఆయన్ను భాషా సాక్షిగా బోనెక్కించింది.

“ఎల్లమ్మా అన్నది దేవత పేరు కాదండీ,” అన్నారు మాస్టారు జడ్జిగారితో. “వెళ్ళు అనే క్రియ. మా ప్రాంతపు వాడుకలో పదం మొదట వకారం జారిపోతుంది. వెళ్ళు, ఎల్లు. వేలు, ఏలు. చివర అమ్మా అన్నది సంబోధన. వెళ్ళమ్మా. అంతకన్న అందులో ఏమీ లేదు. పైగా ఎల్లమ్మ మా వైపు దేవత కూడా కాదు. ఈ నివేదిక రాసినవారికి మా నుడీ తెలియదు, మా దేవతలూ తెలియరు. ‘మృతురాలు’ అని రాయడం కూడా తెలియదు.”

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. జడ్జిగారు కూడా మీసం సవరించుకున్నారు. మాస్టారికి చాలాకాలం తరవాత పాఠం బాగా చెప్పిన రోజు సాయంత్రం కలిగే హాయి కలిగింది.

డాక్టర్ చక్రధర్ లేచాడు. కోపం లేదు, సిగ్గూ లేదు. ఇంకొంచెం వడ్డించడానికి వచ్చినట్టే వచ్చాడు.

“మాస్టారు చెప్పింది ఒప్పుకుంటున్నానండీ. అది వెళ్ళమ్మా. చాలా సంతోషం. నాకు తెలుగు అంతగా రాదు, ఒక్క సందేహం తీరుస్తారా? మీ ఇంట్లోంచి ఎవరన్నా బయటికి వెళ్తుంటే, మీరేమంటారు?”

ముప్ఫై నాలుగేళ్ళుగా ప్రశ్న వినబడితే జవాబు చెప్పిన నోరు.

“వెళ్ళిరా అంటాం. వెళ్ళు అని ఊరుకోం. వెళ్ళేవాళ్ళు కూడా వెళ్తాననరు, వెళ్ళొస్తానంటారు. ‘రా’ లేకుండా వెళ్ళు అన్నామంటే తిరిగి రావద్దన్న...”

అక్కడ ఆగారు.

“చెప్పండి మాస్టారూ. తిరిగి రావద్దన్న?”

మాస్టారి చూపు గున్నమ్మ మీదికి పోయింది.

“అర్థం,” అన్నాడు చక్రధర్. జడ్జిగారి వైపు తిరిగాడు. “నోరు జారిందంటాం కదండీ. మా శాస్త్రంలో జారడమంటూ లేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఎవరు ఇల్లు కదిలినా ‘ఎల్లిరా’ అనే మనిషి, ఆ ఒక్క పూట, ఆ ఒక్కరితో ‘రా’ మింగేసింది. దేవత అని మా వాడు పొరబడ్డాడు. ఇది దేవత కన్నా చాలా పెద్ద సాక్ష్యం. మాస్టారికి కృతజ్ఞతలు.”

నలభై ఒకటి కొట్టేసి యాభై వేశారు. గున్నమ్మ అంకె ఎనభై మూడు అయింది.

బోను దిగేటప్పుడు మాస్టారి చెయ్యి జేబు మీదకు పోయింది. ఎర్ర పెన్ను అక్కడే ఉంది. దిద్దడానికి మాత్రం ఏమీ మిగల్లేదు.

వరండాలో ఇందుమతి ఫైలు చంకలో పెట్టుకుని గోడకు ఆనుకుంది. “దేవత కాదని చెప్పి దిగిపోతే సరిపోయేది కదండీ,” అంది మెల్లగా. “ఆ పాఠమంతా ఎందుకు చెప్పారు మాస్టారూ?”

 జవాబు గున్నమ్మే ఇచ్చింది.

“ఆయనకి తెలిసిపోనాది కదమ్మా. తెలిసింది సెప్పకుండా ఉండనేరు. సదువుకున్నోళ్ళకి అదో రోగం.” కొంగు నడుముకు బిగించి, “నాను జైలుకెళ్తే నా మనవరాల్ని మీ ఇంటికాడ ఎట్టుకుంటారేటి మేస్టారూ?” అంది. అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగింది.

*

చట్టంలో పదకొండో సెక్షను ఒకటి ఉంది. శూన్యం వచ్చినవాళ్ళు కావాలంటే ఇంకొక్కసారి కుర్చీలో కూర్చోవచ్చు. రెండోసారి వచ్చిన అంకే ఖాయం.

“ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు,” అంది ఇందుమతి. “శూన్యం వచ్చాక ఎవరు కూర్చుంటారండీ? మీకేం వస్తుంది దానివల్ల? మళ్ళీ అలాగే మాట్లాడతారు, మళ్ళీ శూన్యమే.”

“ఈసారి వేరుగా మాట్లాడతాను,” అన్నారు మాస్టారు.

ఆయనకు ఆ సంగతి అర్థమవడానికి వారం రోజులు పట్టింది. యంత్రం మనసును వింటుందని అందరూ అనుకుంటున్నారు. అది వింటున్నది నుడికారాన్ని. పుస్తకంలో మాట్లాడినట్టు మాట్లాడితే దానికి అంతా శుభ్రంగానే కనబడుతుంది, ఎందుకంటే అది పుస్తకాల్లోనే మాటలు నేర్చుకుంది. గున్నమ్మలా మాట్లాడేవాళ్ళు నోరు తెరవగానే దానికి ప్రతి మాటా జారుడుబండే. డాక్టరు దాన్ని శాస్త్రం అంటున్నాడు. ఏ ఊరి సంతలోనైనా కూరలమ్మే మనిషి దాన్ని దొంగతూకం అంటుంది.

ఆ యంత్రం మీద ఆయనకున్న ఏవగింపు నిజమైనదే. కాని అలాంటి యంత్రం ఒకటి తనలోనూ ఉండేదని ఆ వారంలోనే తెలిసింది. ముప్ఫై నాలుగేళ్ళు ‘నేదు’ అన్న పిల్లల్ని నిలబెట్టి ‘లేదు’ అని పదిసార్లు అనిపించారు. ఆయన తల్లి గోనె మిల్లులో పనిచేసింది. ఇంట్లో అందరిదీ ‘నాను’, ‘నేదు’, ‘ఎల్తన్నాను’. పంతుళ్ళ శిక్షణలో చేరిన మొదటి రోజు ఆయన లేచి ‘నాను’ అనగానే నలభైమంది నవ్వారు. ఆ రాత్రితో ఆ మాట చచ్చిపోయింది. కనకం మాత్రం మాట ఉన్నన్నాళ్ళూ అదే మాట్లాడింది. “బల్లో మేస్టారువి, ఇంటికాడ కాదు,” అనేది. ఆయన ఇంటి దగ్గర కూడా మాస్టారుగానే ఉండిపోయారు.

ఇప్పుడు వంటింట్లో ఒక్కరూ నిలబడి సాధన చేశారు. “నాను,” అన్నారు పొయ్యితో. ముసలితనంలో పళ్ళసెట్టు కొత్తగా పెట్టుకున్నట్టుంది. “నాను సేసినాను. నాను సెప్పనేదు.” గోడ మీద పాత క్యాలెండరు అలాగే ఉంది, ఆయన తియ్యలేదు. ఆ నెలలో మొదటి పన్నెండు గళ్ళలోనూ ఎర్ర టిక్కులు. పదమూడో గడి ఖాళీ, గున్నమ్మకూ ఆ రోజు టిక్కు పెట్టే తీరిక దొరకలేదు.

నాలుగు అబద్ధపు జారుళ్ళు తయారుచేసుకున్నారు. ఎక్కడ తడబడాలో, ఎక్కడ ఊపిరి బిగపట్టాలో గుర్తులు పెట్టుకున్నారు. ఆ యంత్రానికి కావలసింది అదేగదా, ఇద్దాం, గున్నమ్మ ఎనభై మూడు దాటిద్దాం అనుకున్నారు.

*

అదే నీలం తెరలు. అదే పట్టీ. డాక్టరు గొంతులో కొంచెం ఆశ్చర్యం ఉంది.

“ఏది తోస్తే అది చెప్పండి మాస్టారూ.”

“నాను గవరయ్యని,” అన్నారు ఆయన.

ఎర్రదీపం టక్కుమంది. ఒక మనిషి తన పేరు చెప్పుకున్నందుకే. ఆయనకు నవ్వొచ్చింది.

“మా యమ్మ గోనె మిల్లులో పన్జేసినాది. పొద్దుటేల ఎల్తా, ఎల్లొత్తానురా గవరా అనేది. సేతులు జనపనార కంపు. నాకు ఆ కంపంటే ఇష్టం.”

ఇది తయారుచేసుకున్నది కాదు. తయారుచేసుకున్న మొదటి జారుడు దీని తరవాత రావాలి. ఆయన దానికోసం వెతికారు. దొరకలేదు. నోరు ఆగలేదు.

“కనకం, ఆ పొద్దుట సూది నానే ఏసినాను. నువ్వు సూసినావు. క్యాలెండరు కాడికి ఎల్లినాను. పెన్ను జేబులోనే ఉంది. తీత్తే అయిపోను. తియ్యనేదు. ఇన్‌స్పెక్షనుంది, బస్సుకి ఆలీసమైపోద్ది అనుకున్నాను. టిక్కుకెంతసేపు? ఎంతసేపూ పట్టదు.”

వెనక డాక్టరు కుర్చీ కిర్రుమంది.

“నాలుగేళ్ళు నీ గుడ్డలు నానే ఉతికినాను. గున్నమ్మకి ఇయ్యనేదు, నీకు సిగ్గని. నీకు మాట నేదు. అరిసినా బాగున్ను. తిట్టినా బాగున్ను. ఊరికే సూసేదానివి. నాను అలిసిపోనాను. ఎవులికీ సెప్పనేదు. సెప్పడానికి నా కాడ మాట నేదు. పుస్తకం మాటలున్నాయి, ఆటితో సెప్పనేం ఇది.

“ఆ పొద్దుట గుమ్మంలో నిలబడి ఎల్తన్నాను అన్నాను. ముప్ఫై ఏళ్ళు వొత్తాననే అన్నాను. ఆ పూట ఎల్తన్నాను అన్నాను. నువ్వు తలెత్తి సూసినావు. నీకు తెలిసిపోనాది. నాకు తెల్దు, నీకు తెలిసిపోనాది. నువ్వెల్లిపోతే ఎల్లిపో, ఇద్దరం సుకంగా పడుకుంటాం అనుకున్నాను. అనుకున్నానేటి? ఏమో. అనుకున్నాను.”

తరవాత ఆయన మాట్లాడలేదు. మాట్లాడకుండా కూర్చున్న ఆ పావుగంటా ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. తను ఆడిన నాటకం ఎక్కడ అయిపోయిందో, అసలు మొదలయిందో లేదో, ఆయనకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా లేదు. పట్టీ విప్పించుకోకుండానే కళ్ళు తుడుచుకోబోతే వేలి తొడుగు అడ్డొచ్చింది.

తొంభై ఒకటి వచ్చింది.

“చూశారా మాస్టారూ,” అన్నాడు చక్రధర్. అతనిలో నిజంగానే ఆనందం కనబడింది. “యంత్రం అబద్ధం చెప్పదు.”

“మొదటిసారి చెప్పింది కదా.”

“మొదటిసారి మీరు చెప్పారు.”

మాస్టారు అతని వంక మొదటిసారి కాస్త శ్రద్ధగా చూశారు. ఇంత తెలివి ఉన్న మనిషి ఇంత నీచమైన పనికి ఎలా ఒప్పుకున్నాడా అనిపించింది.

“డాక్టరుగారూ, ఇప్పుడు నేను అన్న ముక్కలన్నీ గున్నమ్మ అని ఉంటే ఎంత వచ్చేది?”

“అదే వచ్చేది.”

“కనకాన్ని రోజూ ముద్దలు కలిపి తినిపించిన మనిషికీ, చచ్చిపోతే బాగుండుననుకున్న మనిషికీ మీ వాడికి తేడా తెలిసేది కాదన్న మాట.”

“కోరికకి చేతులుండవు మాస్టారూ.”

“కోరికకి శిక్ష ఉంది కదా మరి,” అని ఆయన చెప్పులు వేసుకున్నారు.

*

వాయిదా రోజున పేర్లు మార్చడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఎనభై మూడు మీద తొంభై ఒకటి. ఎక్కువ అంకె వచ్చినవారే ముద్దాయి. గున్నమ్మను విడుదల చేశారు. గవరయ్య మాస్టారిని రిమాండుకు పంపమన్నారు. జడ్జిగారు ఏమన్నా చెప్పుకుంటారా అని అడిగారు.

“ఇదే మాట ఎనిమిది నెలల కిందట నేనే చెప్పానండి,” అన్నారు మాస్టారు. “అప్పుడు మంచి తెలుగులో చెప్పాను. అందుకని మీకు వినబడలేదు.”

జడ్జిగారు రాసుకోలేదు. అది పైమనసు మాట.

కొత్త నివేదిక ప్రతి ఒకటి ఆయన చేతికిచ్చారు. మొదటి పుటలో ‘ముదాయి’ అలాగే ఉంది, పక్కన ఇప్పుడు ఆయన పేరు. ఆయన చెయ్యి జేబు మీదకు పోయి, వెనక్కి వచ్చింది. ఇందుమతిని పిలిచి ఎర్ర పెన్ను ఆమెకిచ్చారు.

“అప్పీలు నువ్వే రాస్తావు. ఒత్తులు చూసుకో.”

“చూసుకుంటానండీ,” అంది ఆ పిల్ల. పెన్నును ఫైలుకు తగిలించుకుంది.

వరండా చివర మెట్ల దగ్గర పోలీసు వ్యాను ఆగి ఉంది. కోర్టు ఆవరణలో స్తంభస్తంభానికీ ఒక చిన్న మైకు, దాని పక్కన ఆవగింజంత దీపం. ఇక్కడ అన్న మాట కూడా అంతస్సాక్షికి చేరుతుంది. గున్నమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని చివరి స్తంభం దగ్గర నిలబడింది. ఆయన్ను చూసి పలకరించలేదు. తిట్టింది.

“బుద్దుందేటి మీకు? నాకోసం అబద్దమాడీసినారా?”

“అబద్ధమాడదామనే వెళ్ళాను గున్నమ్మా.”

ఆమె ఆయన మొహం కేసి చూసింది. నాలుగేళ్ళు ఆ ఇంట్లో భార్యాభర్తల మధ్య మసిలిన మనిషి.   కొంగుతో ఆయన చొక్కా మీద సున్నం మరక తుడిచింది, కోర్టు గోడదేమో.

“ఇంటి తాళం నా కాడే ఉంది,” అంది. “రోజూ ఊడిసి దీపమెడతాను. క్యాలెండరు తియ్యమంటారా?”

“ఉండనీ.”

కానిస్టేబులు వ్యాను తలుపు తీసి, “పదండి మాస్టారూ,” అన్నాడు. ఆ కుర్రవాడూ ఎప్పుడో ఆయన బెంచీ ఎక్కించినవాడే.

“ఎల్ల...” అంది గున్నమ్మ. అని ఆగింది. స్తంభం మీద దీపం పచ్చగా ఉన్నది ఎర్రబడింది.

ఆమె దాన్ని చూసింది. సంతలో తూకం తప్పు తూచినవాణ్ణి చూసినట్టు పైనించి కిందకు చూసింది. తరవాత మాస్టారి వైపు తిరిగి, బళ్ళో పిల్ల ఒప్పజెప్పినట్టు, ఒక్కో అక్షరమూ విడివిడిగా అంది.

“ఎల్లి రండి మేస్టారూ.”

మళ్ళీ స్తంభం దగ్గరికి వెళ్ళి, మైకుకు నోరు ఆనించింది.

“రండి అన్నాను. రాసుకో.”

గవరయ్య మాస్టారు వ్యాను మెట్టు మీద కాలు పెట్టారు. నలభైమంది నవ్విన రోజు నుంచీ నలుగురిలో ఎన్నడూ అనని మాట, ఇప్పుడు పెద్దగానే అన్నారు.

“ఎల్లొత్తాను.”